పచ్చదీపం ఒక్కటే చాలునా?

గత సంవత్సరం ఉపకార వేతనాల దరఖాస్తుకు గడువు ముగిసే సాయంకాలం మన గ్రంథాలయంలోని కంప్యూటర్ల ముందు విద్యార్థినీ విద్యార్థులు బారులు తీరి కూర్చున్నారు. వివరాలన్నీ నింపి చివరి మీట నొక్కితే తెరపై చక్రం తిరగడమే గాని రసీదు రాదు. మేము సహాయ కేంద్రానికి ఫోన్ చేశాము. "మా సర్వర్లన్నీ సక్రమంగానే ఉన్నాయి, లోపం మీ నెట్‌లోనే ఉండాలి" అని జవాబు వచ్చింది. అదే నెట్‌పై తక్కిన పేజీలన్నీ క్షణంలో తెరుచుకుంటున్నాయి. ఆ రాత్రి కొందరు రసీదు లేకుండానే ఇళ్లకు వెళ్లారు.

ఆ ఉద్యోగి అబద్ధమాడాడని మేమనుకోము. ఆయన ఎదుట పచ్చదీపం వెలుగుతూనే ఉండవచ్చు. ఆ దీపం దేనిని కొలుస్తున్నది అన్నదే మా ప్రశ్న.

నేటి సేవలు చాలావరకు క్లౌడ్ డేటా సెంటర్లలో నడుస్తున్నాయి. అక్కడ ఒక సర్వర్‌ను అనేక వర్చువల్ మెషిన్లుగా విభజించి పలువురికి అద్దెకిస్తారు. నాలుగు వాటాల ఇంట్లో ఒకే నుయ్యి ఉన్నట్లే ఇది. ఒక వాటాలో పెళ్లి జరిగితే తక్కిన వారి బిందెలు వరుసలో నిలుస్తాయి. బిందె బాగుంది, చేద బాగుంది. నీరు మాత్రం అందదు. ఇలా తన వంతు కోసం యంత్రం వేచియున్న కాలాన్ని తెలిపే 'స్టీల్' అనే అంకె లినక్స్‌లో ఉన్నది. దానిని చూడనివారికి యంత్రం నిక్షేపంగానే కనిపిస్తుంది.

నెట్‌వర్క్ సంగతి మరీ చిత్రం. ఒకే సర్వర్‌లోని రెండు వర్చువల్ మెషిన్లు మాట్లాడుకుంటే ఆ సంభాషణ సాధారణంగా బయటి తీగపైకి రానే రాదు. బయట అమర్చిన కొలత యంత్రానికి అది వినపడదు. పైగా ఈ మెషిన్లు నడుస్తుండగానే ఒక సర్వర్ నుండి మరొక దానికి మారగలవు. నిన్నటి పటం నేటికి పనికిరాకపోవచ్చు.

సగటు లెక్కలు చేసే మోసం మరొకటి. తొంభైతొమ్మిది మందికి ఒక్కొక్క సెకనులో, ఒకరికి నూరు సెకన్లలో జవాబు వస్తే సగటు రెండు సెకన్లకు లోపే. నివేదిక భేషుగ్గా ఉంటుంది. ఆ ఒక్కరి గడువు దాటిపోతుంది. 2013లో గూగుల్ శాస్త్రజ్ఞులు జెఫ్ డీన్, లూయిజ్ బరోసో ఒక వ్యాసంలో ఇంకొక లెక్క చూపారు. ప్రతి సర్వర్ నూటికి ఒక్కసారే ఆలస్యం చేసినా, ఒక పేజీకి నూరు సర్వర్ల జవాబులు కావలసివస్తే, నూటికి అరవైమూడు సార్లు ఆ పేజీ ఆలస్యమే.

కాపలాదారు కూడా అదే కప్పు కింద నిద్రిస్తే ఏమవుతుందో 2017 ఫిబ్రవరి 28న లోకం చూసింది. అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో ఒక ఆదేశం తప్పుగా టైపు కావడంతో అమెజాన్ వారి ఎస్3 నిల్వసేవ సుమారు నాలుగు గంటలు దెబ్బతిన్నది. సేవల స్థితిని ప్రకటించే పట్టిక కూడా ఆ నిల్వసేవ మీదనే ఆధారపడినందున రెండు గంటలపాటు దానిని సవరించడం సాధ్యపడలేదు. ఈ సంగతి ఆ సంస్థే తన వివరణలో తెలిపింది.

కనుక మా అభిప్రాయం స్పష్టం. సేవ బాగున్నదో లేదో తేల్చవలసింది దానిని వాడుకొనే వాని కుర్చీలో కూర్చొని. మీట నొక్కినది మొదలు రసీదు వచ్చేవరకు పట్టిన కాలమే అసలైన కొలత. సగటుతోపాటు అందరికన్న ఆలస్యమైన వారి లెక్కను ప్రకటించాలి. కొలిచే యంత్రం కొలవబడే ఇంటికి వెలుపల ఉండాలి.

మన కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ప్రవేశాలకో పరీక్షలకో క్లౌడ్ సేవ తీసుకొనేటప్పుడు ఈ మూడింటిని ఒప్పందంలో వ్రాయించండి. మన గ్రంథాలయం నుండి కూడా స్వతంత్రంగా కొలిచి లెక్క భద్రపరచండి. ఆ సాయంకాలం మన చేతిలో అటువంటి లెక్క ఉండినట్లయితే లోపం ఎక్కడున్నదో వాదించే అవసరం ఉండేది కాదు.

విద్యార్థులారా! 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ ప్రాంతాన్ని హైదరాబాదులోనే ప్రారంభించింది. రేపు మీలో కొందరు అటువంటి చోట పచ్చదీపాల ఎదుట కూర్చుంటారు. ఎవరైనా ఫోన్ చేసి "పేజీ తెరుచుకోవడం లేదు" అంటే, దీపాన్ని కాక ముందుగా ఆ మనిషిని నమ్మండి. ఆ వైపున గడువు ముగిసే వేళ ఒక పేద విద్యార్థి కూర్చొని ఉండవచ్చు.