యూట్యూబ్ యాడ్స్ ఆపండి, కానీ మోడ్ యాప్‌తో కాదు
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తోనే నెట్టుకొచ్చే ఫ్రెండ్స్ నాకు బోలెడుమంది. యాడ్ కూడా ఆ డేటాలోంచే పోతుంది కదా. అందుకే బ్లాక్ చేయడం తప్పు అనను.

కానీ ఎవరో పంపిన మోడ్ ఏపీకేలో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవుతారా? బ్యాంక్ మెయిల్స్ వచ్చేది దానికే! ప్రైవేట్ డీఎన్‌ఎస్ మార్చినా లాభం లేదు, వీడియో, యాడ్ రెండూ గూగుల్ సర్వర్ల నుంచే వస్తాయి. డీఎన్‌ఎస్ వాటిని విడదీయలేదు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి. 2023 నుంచి యూట్యూబ్ బ్లాకర్ల వెంటపడుతోంది కాబట్టి అప్పుడప్పుడు మొరాయించొచ్చు.

అయితే మానిటైజ్ అయిన ఛానెల్‌కి లాంగ్ వీడియో యాడ్ ఆదాయంలో 55 శాతం వస్తుంది. నడిగడ్డ యాసలో వీడియోలు తీసే చిన్న ఛానెళ్లని మాత్రం నేను మామూలు యాప్‌లోనే చూస్తా, యాడ్స్‌తో సహా.