ల్యాప్‌టాప్ కోసం పుస్తెలు కుదువ పెట్టకండి



మొన్న వీపనగండ్ల బస్టాండు కాడ ఒక పెద్దమనిషి నన్ను ఆపి అడిగిండు. "బిడ్డకు ఇంజినీరింగ్ సీటొచ్చింది తమ్మీ. ఫీజు సర్కారే కడ్తదట. మరి ల్యాప్‌టాప్ ఎవరిస్తరు?" ఆ పొద్దు నా దగ్గర జవాబు లేకుండె. ఇంటికొచ్చి ఆలోచించి ఇది రాస్తున్న. మీ ఇంట్ల కూడా ఈ యేడు ఎవరైనా ఇంజినీరింగ్‌ల చేరుతుంటే కొంచెం ఓపికతో చదవండి.

ముందు లెక్క చూద్దాం. ఓ మాదిరి కొత్త ల్యాప్‌టాప్ 50 వేలు అనుకోండి. 2025-26ల తెలంగాణ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 50 వేలు కావాలంటే 163 రోజులు మట్టి పని చేయాలె. ఆ చట్టం ఇంటికి హామీ ఇచ్చింది ఏడాదికి 100 రోజులే. అంటే ఏడాదిన్నర కూలి ఒక్క రూపాయి ముట్టకుండా దాచిపెట్టాలె. అది అయ్యేది కాదు గనుక అప్పుకు పోతం. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 1,500. నాలుగేండ్ల చదువు అయ్యేసరికి మిత్తే 72 వేలు అయితది, అసలు అట్లనే ఉంటది. పైగా ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. ఆ 50 వేలల్ల 7,600 పైన పన్నే. ఒక చేత్తో ఫీజు ఇస్తున్న అంటూ ఇంకో చేత్తో మన దగ్గరనే వసూలు చేస్తున్నరు.

"ఫోనుంది కదా, అందుల చదువుకో" అనేవాళ్లు ఉన్నరు. ఫోన్ల పాఠం వినొచ్చు. ప్రోగ్రాం రాసి, తప్పు దొరకబట్టి, మళ్ల రాసుడు ఫోన్ల ఎంతసేపు చేస్తరు? సాలిడ్‌వర్క్స్ ఫోన్ల నడుస్తదా? 2020 నవంబర్‌ల, ఆన్‌లైన్ క్లాసుల కాలంల, పాత పాలమూరు జిల్లా షాద్‌నగర్ నుంచి ఢిల్లీకి చదవబోయిన ఒక బిడ్డను మనం పోగొట్టుకున్నం. ల్యాప్‌టాప్ లేదు, స్కాలర్‌షిప్ టైముకు రాలేదు అని అప్పట్ల దేశమంతా చదివింది. ఆమె ఆదివాసీ కాదు, పేదింటి బిడ్డ. మన పిల్లలు అసలే నోరు తెరిచి అడగరు. అడగలేదంటే అవసరం లేదని అనుకోకండి. మీరే అడగండి.

ఇప్పుడు కొనేవాళ్లకు నాకు తెలిసింది చెప్త.

సీటు రాంగనే షాపుకు ఉరకకండి. కాలేజీ తెరిచినాక ఒక నెల ఆగండి. మొదటి ఏడాది ఎక్కువగా మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్, డ్రాయింగ్ ఉంటయి. అప్పటిదాకా కాలేజీ ల్యాబులు వాడుకోవచ్చు. మీ బ్రాంచి సీనియర్లను అడిగి, వాళ్లు నిజంగా ఏం వాడుతున్నరో తెలుసుకోండి.

ఏ బ్రాంచికైనా 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే నాలుగేండ్లు నడుస్తది. పైసలు తక్కువైతే 8 జీబీ తీసుకోండి, కానీ తర్వాత ర్యామ్ పెంచే వీలుందా అని ముందే అడగండి. బోర్డుకే అతికించి ఉంటే పెంచరాదు. సివిల్, మెకానికల్ వాళ్లు విండోస్ ఉన్నదే కొనాలె, మ్యాక్‌బుక్, క్రోమ్‌బుక్ వద్దు. సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదనే నడుస్తది. ఆటోక్యాడ్ విద్యార్థులకు ఫ్రీగా ఇస్తరు. ఏఐ బ్రాంచి అని చెప్పి గేమింగ్ ల్యాప్‌టాప్ అంటగట్టబోతరు. తొందరపడకండి, నేర్చుకునే దశల ఆ బరువు పని గూగుల్ కోలాబ్‌ల ఫ్రీగా చేసుకోవచ్చు.

వాడిన ల్యాప్‌టాప్ కొనుడు నామోషీ కాదు. కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ గట్టివి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతది తీసుకోకండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయింది, విండోస్ 11 ఆ పాతవాటికి లేదు. షాపులనే చార్జర్ పీకి గంటసేపు నడిపి చూడండి. బిల్లు, వారంటీ కాగితం లేకుంటే వద్దనండి.

అప్పు తప్పదంటే షావుకారి దగ్గరికి కాదు, బ్యాంకుకు పోండి. విద్యారుణంల కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చు కూడా కలుపుకోవచ్చు. 4 లక్షల దాకా తాకట్టు అవసరం లేదు. "జీరో వడ్డీ ఈఎంఐ" అన్న బోర్డు చూసి సంతకం పెట్టకండి, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదుకు ఇచ్చే తగ్గింపు పోతదా అని ముందు అడగండి.

ఇవన్నీ మనం చేసుకునే జాగ్రత్తలు. ఇక సర్కారును అడగాల్సింది ఉంది.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ పథకం ఉంది. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి ఎంపిక చేసిన సంస్థల్లో చదివే ఎస్టీ విద్యార్థికి కంప్యూటర్ కోసం ఒకసారి 45,000 దాకా ఇస్తరు. దేశం మొత్తానికి ఏడాదికి 1,000 కొత్త స్కాలర్‌షిప్‌లే. అంటే కంప్యూటర్ చదువు ఖర్చే అని సర్కారు కాగితం మీద ఒప్పుకున్నది. ఐఐటీల చేరిన బిడ్డకు అవసరమైంది వనపర్తి జేఎన్‌టీయూ కాలేజీల చేరిన బిడ్డకు ఎందుకు అవసరం కాదు? ఇద్దరూ రాసేది అదే సీ ప్రోగ్రాం. తమిళనాడు 2011లనే ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చుడు మొదలుపెట్టింది. అది అక్కడ అయినప్పుడు ఇక్కడ ఎందుకు కాదు?

మన డిమాండ్ రెండే. ఇంజినీరింగ్‌ల చేరిన ప్రతి ఎస్టీ విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లనే ఆ 45,000 ఇయ్యాలె. అందాక గిరిజన హాస్టళ్లల్ల కంప్యూటర్లు పెట్టి, రాత్రి పది దాకా తెరిచి ఉంచాలె.

మీ ఇంట్ల, మీ పెంటల, మీ తండాల ఈ యేడు ఎవరికి సీటొచ్చిందో కామెంట్ల పేరు రాయకుండా ఊరు, బ్రాంచి మాత్రమే చెప్పండి. దరఖాస్తు నమూనా నేను రాసి పెడ్త. సోమవారం వనపర్తి కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది. ఆ పెద్దమనిషిని కూడా తోలుకొని పోదాం. బస్టాండు కాడ నన్నడిగిన మాట ఈసారి కలెక్టర్‌ను అడుగుతడు.