పూత పైన... కాయ కింద!

పల్లీలు, శెనక్కాయలు, బుడ్డలు... ఏ ఊళ్లో ఎలా పిలిచినా అది వేరుశనగే. పేరు చూసి అది వేరుకు కాస్తుందనుకుంటారు చాలామంది. కాదు, పువ్వు నుంచే వస్తుంది!

విత్తిన నెల రోజులకు ఆకుల సందుల్లో చిన్నచిన్న పసుపు పూలు పూస్తాయి. పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నటి పుల్లలాంటిది బయల్దేరి నేలవైపు దిగుతుంది. రైతులు దాన్ని 'ఊడ' అంటారు. అది మట్టిలోకి వెళ్లాకే కొన ఉబ్బి కాయవుతుంది.

అందుకే ఊడలు దిగే రోజుల్లో నేల మెత్తగా ఉండాలి. అనంతపురం ప్రాంతంలో ఈ పంట ఎక్కువగా వాన మీదే ఆధారపడుతుంది. సరిగ్గా అప్పుడే చినుకు పడకపోతే నేల గట్టిపడి ఊడలు లోపలికి దిగలేవు. పూత ఎంత బాగా వచ్చినా మొక్క పీకి చూస్తే కాయలు నాలుగైదే! రైతు ఆ రోజుల్లో ఆకాశంకేసి చూసేది ఇందుకే. చేనుకు జిప్సం వేసేదీ ఆ దశలోనే. అందులోని కాల్షియంతో గింజ బాగా నిండుతుంది.

కాయలు కోసుకున్నాక మిగిలిన కట్టె కూడా వృథా పోదు. పశువులకు మంచి మేత.

ఈసారి శెనక్కాయ వలిచే ముందు దాని తొడిమ చూడండి. ఊడ అతుక్కున్న చోటు అదే!