కాగితం మీద 22, రోడ్డు మీద 16

సత్తుపల్లి: కారు అనేది ఒకప్పుడు భూస్వాముల ఇళ్ళ ముందు, కాంట్రాక్టర్ల ఇళ్ళ ముందు మాత్రమే కనిపించే వస్తువు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తర్వాత మధ్యతరగతి వారికి కూడా కారు మీద ఆశ పుట్టింది. నేడు కల్లూరు, పెనుబల్లి, వేంసూరు, దమ్మపేట, అశ్వారావుపేట మండలాలలో కారు లేని ఊరు అరుదు. సొంతానికి కొన్నవారు కొందరైతే, బ్యాంకులోనో ఫైనాన్సులోనో అప్పు చేసి కిరాయికి తిప్పుకుందామని కొన్న నిరుద్యోగ యువకులు మరికొందరు. ఈ రెండో వర్గం వారి గురించే ఇక్కడ ముఖ్యంగా చెప్పవలసి ఉంది.

కారు కొనబోయేవాడు షోరూములో అడిగే మొదటి ప్రశ్న 'మైలేజీ ఎంత?' అని. లీటరుకు 22 అని అక్కడి వారు కాగితం చూపిస్తారు. ఆ అంకెను నమ్ముకొని కిరాయి ఎంత, వాయిదా ఎంత, ఇంటికి మిగిలేది ఎంత అని లెక్క వేసుకొంటాడు. నలుగురిని ఎక్కించుకొని, డిక్కీలో సామాను వేసుకొని, ఏసీ పెట్టుకొని ఖమ్మం వెళ్ళి వస్తే ఆ 22 కాస్తా 16 అయి కూర్చుంటుంది.

ఈ తేడా చిన్నది అనుకోవడానికి వీలులేదు. ఖమ్మం రానూపోనూ 160 కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయల లెక్కన చూస్తే, 22 చొప్పున ఇస్తే సుమారు 780 రూపాయల ఖర్చు. 16 చొప్పున అయితే 10 లీటర్లు, అంటే 1,070 రూపాయలు. ఒక్క కిరాయికి 290 రూపాయల తేడా. నెలకు 15 కిరాయిలు పడితే నాలుగు వేల పైచిలుకు. ఏడాదికి అర లక్ష దాటుతుంది. వాయిదాకు కట్టవలసిన సొమ్ము ఈ విధంగా పొగై పోతున్నది. మూడు వాయిదాలు తప్పితే బండి ఎవరి చేతికి పోతుందో వేరే చెప్పనవసరం లేదు.

మరి కంపెనీల వారు అబద్ధం చెబుతున్నారా? అలా అనలేము. ఆ అంకె పరీక్షలో వచ్చినదే. అయితే ఆ పరీక్ష ఎలా జరుగుతుందో కొనేవారికి ఎవరూ చెప్పరు. పూణేలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలలో కారును రోలర్ల మీద నిలబెట్టి నడుపుతారు. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. పరీక్ష అంతా కలిపి 20 నిమిషాల లోపే, నడిచే దూరం 11 కిలోమీటర్ల లోపే. అందులో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు, సగటు వేగం సుమారు 32. ఏసీ ఆపి పరీక్షించడం ఆనవాయితీగా వస్తున్నది. అక్కడ గుంతలు లేవు, స్పీడు బ్రేకర్లు లేవు, ముందు బొగ్గు లారీ లేదు, అడ్డం వచ్చే గేదె లేదు. ఒక కారుకూ మరొక కారుకూ పోల్చి చూసుకోవడానికి ఆ అంకె పనికివస్తుంది. కిరాయి లెక్క కట్టుకోవడానికి మాత్రం పనికిరాదు.

మన రోడ్ల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. సత్తుపల్లి ఓపెన్ కాస్టు గనుల బొగ్గు కోసం భద్రాచలం రోడ్డు స్టేషను నుండి 54 కిలోమీటర్ల రైలు మార్గం 2022లో వచ్చింది. అయినా మనుషుల ప్రయాణం ఎక్కువగా రోడ్డు మీదనే. భద్రాచలం రాములవారి దర్శనానికైనా, ఖమ్మం ఆసుపత్రికైనా కారు మాట్లాడుకోవలసిందే. లారీ వెనుక రెండో గేరులో పాకుతూ, సందు దొరకగానే దూకి, మళ్ళీ బ్రేకు తొక్కుతూ పోవాలి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అంతకు ముందు కాల్చిన పెట్రోలు వేడిగా మారి చక్రాల దగ్గరే పోతుంది. రోడ్డు బాగున్నచోట వేగం మరో ఖర్చు. 80లో పోయే కారు 100లో పోతే గాలి ఎదురుదెబ్బ ఒకటిన్నర రెట్లు అవుతుంది. పైన క్యారియరు మీద మూటలు కట్టితే ఇంకా ఎక్కువ. టైర్లలో గాలి తక్కువైతే ఇంజను మీద బరువు పెరుగుతుంది.

దీనికి తోడు పెట్రోలులో ఇథనాలు. 2030 నాటికి అనుకొన్న 20 శాతం మిశ్రమాన్ని ప్రభుత్వం 2025లోనే సాధించింది. చెరకు, మొక్కజొన్న, నూకల నుండి ఇథనాలు తీస్తారు. మన జిల్లా మొక్కజొన్న రైతుకు దీనివలన గిరాకీ పెరిగితే సంతోషించవలసిందే. దిగుమతి తగ్గితే దేశానికి మేలే. కాని లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. పాత కార్లలో మైలేజీ 6 నుండి 7 శాతం వరకు తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 జూన్ నివేదికలోనే ఉంది. కొత్త మిశ్రమానికి సరిచేసిన ఇంజన్లలో ఈ నష్టం ఒకటి రెండు శాతమే. అంటే కొత్త కారు కొనగలిగిన వాడికి నష్టం తక్కువ, సెకండ్ హ్యాండు బండితో బతుకు వెళ్ళదీసే వాడికి నష్టం ఎక్కువ. శక్తి తగ్గిన లీటరుకు ధర మాత్రం తగ్గలేదు. ఇది న్యాయమా అని అడగవలసిన అవసరం ఉంది.

కిరాయికి మాట్లాడుకొనే వారు కూడా ఒక మాట ఆలోచించాలి. 'కంపెనీ వాళ్ళే 22 ఇస్తుందన్నారు, నువ్వు ఇంత అడుగుతావేమి తమ్ముడూ' అని డ్రైవరును దబాయించడం మన దగ్గర రివాజైపోయింది. ఆ అంకె అతనిని కూడా మోసం చేసినదే. మరోవైపు పెట్రోలు పేరు చెప్పి అడ్డగోలుగా అడిగే వారూ లేకపోలేదు. ఇద్దరికీ తెలిసిన నిజమైన లెక్క ఉంటే ఈ తగవే ఉండదు.

ఆ లెక్క కట్టడం కష్టం కాదు. బంకులో మీట దానంతటదే ఆగే వరకు ట్యాంకు నింపించి, మీటరులో కిలోమీటర్లు రాసుకోవాలి. మామూలుగా తిరిగే దారిలోనే రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో, అదే విధంగా మళ్ళీ నింపించాలి. 288 కిలోమీటర్లకు 18 లీటర్లు పట్టిందంటే 16 ఇచ్చినట్లు. ఒకసారి చూసి ఊరుకోక అయిదారు సార్లు పుస్తకంలో రాస్తే నిజం తేలుతుంది. కొలత మీద అనుమానం వస్తే బంకులో ఉండే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు ప్రతి వినియోగదారునికీ ఉంది.

అయితే భారమంతా కొనేవాడి మీదనే వేసి ఊరుకోవడం సబబు కాదు. నిండు బరువుతో, ఏసీ వేసి, రోడ్డు మీద వచ్చే మైలేజీని కూడా కంపెనీలు అదే కాగితం మీద అచ్చు వేసేటట్లు కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టాలి. ప్రతి బంకులోను ఇథనాలు ఎంత శాతమో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. అప్పు ఇచ్చే బ్యాంకుల వారు కూడా షోరూము అంకెను కాక రోడ్డు అంకెను బట్టి కిరాయి బండి ఆదాయం లెక్క కట్టాలి. రోడ్లు భవనాల శాఖ వారు గుంతలు పూడ్చితే, అది వేలాది కుటుంబాలకు పెట్రోలు రాయితీ ఇచ్చినట్లే.

కారు కొనవద్దని ఎవరూ అనరు. ఎద్దులను కొనేటప్పుడు అరక కట్టి, నాలుగు చాళ్ళు దున్నించి చూసి గాని రైతు డబ్బు చేతిలో పెట్టడు. లక్షలు పోసి కొనే బండి విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరం. అప్పు పత్రం మీద సంతకం చేయబోయే ప్రతి యువకుడూ ముందుగా అటువంటి కారునే మన రోడ్డు మీద నడుపుతున్న వారిని ఇద్దరు ముగ్గురిని అడిగి, వారు చెప్పిన అంకెతో లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో వాయిదా వెళ్ళకపోతే ఆ అప్పు చేయకపోవడమే మేలు.