అడ్వాన్సు అమానతే

కిరాయి ఇంట్లో దిగేటప్పుడు ఇచ్చే అడ్వాన్సు ఎవరి సొమ్ము? యజమాని చేతిలో ఉన్నంత మాత్రాన అది ఆయన సంపాదన అయిపోదు. అది అమానత్. ఖాళీ చేసిన రోజున లెక్క చూసి తిరిగి అప్పగించవలసిన సొమ్ము. ఇంతవరకు ఎవరూ కాదనరు. చిక్కంతా కిరాయిదారు గడువుకు ముందే వెళ్లిపోయినప్పుడు వస్తుంది.

మన బస్తీల్లో ఒప్పందాలు ఎక్కువగా 11 నెలలకే రాసుకుంటారు. ఉద్యోగం పోయో, ఇంట్లో జబ్బు చేసో అయిదో నెలలోనే కదలవలసి వస్తే, "మాట తప్పింది మీరే, అడ్వాన్సు రాదు" అంటారు కొందరు యజమానులు.

మాట తప్పడం చిన్న విషయమని మేము అనడం లేదు. దానివల్ల నష్టం జరిగితే పరిహారం ఇవ్వవలసిందే. అయితే పరిహారం వేరు, మొత్తం ఉంచేసుకోవడం వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, కాగితంపై ఎంత జరిమానా రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ఢిల్లీలో ఒక స్థలం వేలం కేసులో, నష్టమే లేనప్పుడు బయానా జప్తు చేయడం తగదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఉదాహరణకు కిరాయి 8,000, అడ్వాన్సు 24,000 రూపాయలు అనుకుందాం. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంది. కరెంటు బాకీ 900, విరిగిన తలుపు బాగుచేతకు 1,500 అయింది. మొత్తం 10,400 పోగా మిగిలిన 13,600 కిరాయిదారు హక్కు. మర్నాడే కొత్తవారు దిగితే ఆ 8,000 కూడా మినహాయించకూడదు. ఒకే నెలకు ఇద్దరి దగ్గర కిరాయి తీసుకోవడం ఏ న్యాయం?

కిరాయిదారులకూ ఒక మాట. చెప్పాపెట్టకుండా సామాను సర్దుకోవడం, "అడ్వాన్సులో కోసుకోండి" అంటూ చివరి నెలల కిరాయి ఎగ్గొట్టడం కూడా అన్యాయమే. ఆ కిరాయితోనే ఇల్లు గడుపుకునే వితంతువులు, వృద్ధులు ఎందరో ఉన్నారు. కదలాలని తెలిసిన రోజే చెప్పాలి, వీలైతే కొత్తవారిని చూసిపెట్టాలి.

ఎన్ని రోజుల ముందు చెప్పాలి, దేనికి ఎంత కోత, మిగిలింది ఎప్పుడు ఇవ్వాలి అనే మూడు విషయాలు ఇంట్లో దిగే రోజే రాసుకుంటే సగం తగాదాలు పుట్టవు. ఖాళీ చేసే రోజున తాళంచెవులు, లెక్క కాగితం, మిగిలిన సొమ్ము ఒకే పూట చేతులు మారాలి.