నాటింది అడవి కాదు

పోయిన జూలైలో మన బళ్ళో వన మహోత్సవం జరిగింది. 1950లో కె.ఎం. మున్షీ గారు మొదలుపెట్టిన ఈ పండుగని మనం ప్రతి ఏడాదీ చేస్తున్నాం. ఆ రోజు వచ్చిన అతిథి గారు మైకులో రెండు మాటలు చెప్పారు. ఒకటి, మన కొండల మీద అడవిని పాడు చేసింది పోడు కొట్టే సవరలే అని. రెండోది, తలా ఒక మొక్క నాటితే పోయిన అడవి తిరిగి వచ్చేస్తుందని. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికెళ్ళాక ఎందుకు కొట్టానా అనిపించింది. పెద్దల మాట కాదనడం తప్పే కావచ్చు. అయినా ఆ రెండు మాటలూ నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

అడవి అంటే చెట్లు అనుకుంటాం. సగం అడవి చెట్ల కిందే ఉంది. రాలిన ఆకు తడికి కుళ్ళుతుంది. చెదలు, వానపాములు, శిలీంధ్రాలు దాన్ని తిని నల్లటి మెత్తటి మన్ను చేస్తాయి. మన సైన్సు పుస్తకంలో దాన్నే హ్యూమస్ అంటారు. మన కొండల్లో ఉన్న ఎర్ర నేలకి సొంత బలం తక్కువ, సారమంతా ఆ పై పొరలోనే ఉంటుంది. ఆ పొరే వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా గెడ్డల్లోకి వదులుతుంది. చెట్టు పోతే ఆకు రాలదు, వేరు మన్నుని పట్టుకోదు, వాన నేరుగా నేలని కొడుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల మన్ను తయారవడానికి వెయ్యేళ్ళ దాకా పడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అది కొట్టుకుపోవడానికి కొన్ని వానాకాలాలు చాలు.

నమ్మకపోతే ఆగస్టులో గుణుపూర్ దగ్గర వంశధార వంతెన మీద నిలబడి చూడండి. నీళ్ళు ఎర్రగా పోతుంటాయి. ఆ ఎరుపు మన కొండ మీది మన్ను. కలహండి కొండల్లో పుట్టిన ఈ నది మన జిల్లా దాటి శ్రీకాకుళం వైపు దిగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా మేనత్త వాళ్ళది హిరమండలం. అక్కడి గొట్టా బ్యారేజీ నీళ్ళతోనే వాళ్ళ వరి పండుతుంది. ఇక్కడి కొండ కరిగితే అక్కడి కాలవ పూడుతుంది. కాబట్టి ఇది కొండవాళ్ళ గొడవ మాత్రమే అనుకోకండి. మన కంచంలో అన్నం గొడవ కూడా.

ఇక పోడు సంగతి. పోడు వల్ల నష్టం లేదని నేను అనను. చెట్టు కాల్చితే బూడిద బలంతో రెండు మూడేళ్ళు పంట వస్తుంది, తర్వాత నేల చచ్చుబడుతుంది. పూర్వం ఆ చెక్కని పదేళ్ళకు పైగా వదిలేసేవారు. అడవి మళ్ళీ లేచేది, నేల కోలుకునేది. ఇప్పుడు మూడు నాలుగేళ్ళకే మళ్ళీ అదే చెక్కకి వస్తున్నారు. ఎందుకు వస్తున్నారు? జనం పెరిగారు, నిజమే. కానీ కొంత భూమి రిజర్వు ఫారెస్టు అయింది, కొంత గనులకి, రోడ్లకి, ఆనకట్టలకి పోయింది, కొంత నీలగిరి తోటలైంది. మిగిలిన గట్టు మీద వాళ్ళని నిలబెట్టి, నేలకి విశ్రాంతి ఇవ్వడం లేదేమని అడుగుతున్నాం!

పుట్టాసింగ్ వైపు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. అక్కడ సవరలు కొండవాలుకి రాతిగట్లు కట్టి, మెట్లు మెట్లుగా పొలాలు చేశారు. పై మడి నీరు కింద మడికి దిగుతుంది, మన్ను మాత్రం దిగదు. సిమెంటు లేదు, ఇంజనీరు లేడు. మన్నుని కాపాడటం ఇంత బాగా తెలిసిన వాళ్ళని మనం మైకులో దోషులన్నాం.

రెండో మాటకి వస్తాను. మొక్క నాటితే అడవి వస్తుందా? ఏ మొక్క? మన చుట్టుపక్కల నాటుతున్నది ఎక్కువగా నీలగిరి, అదే జామాయిల్. దాని ఆకు పశువు తినదు, తొందరగా కుళ్ళదు. కింద గడ్డి సరిగ్గా మొలవదు. నాలుగైదేళ్ళకి నరికి కాగితం మిల్లుకి పంపుతారు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి వేయడాన్నే నిషేధించింది. కానీ దేశంలో అటవీ విస్తీర్ణం లెక్కేసేటప్పుడు, ఒక హెక్టారుకి తగ్గకుండా ఉండి, పది శాతం నేలపైన చెట్ల గొడుగు కనిపిస్తే చాలు, ఏ జాతి చెట్టయినా అడవి కిందే రాసుకుంటారు. అంటే ఇప్పచెట్లున్న కొండ పోయి నీలగిరి తోట వచ్చినా, కాగితం మీద అడవి తగ్గలేదన్నమాటే!

ఇది రాస్తూంటే మా నాన్నగారు చూసి నవ్వారు. మా మెట్టలో ఉన్నది కూడా నీలగిరే. "చోళ్ళు వేస్తే కూలి ఖర్చులైనా రావు. దీనికి కాపలా అక్కర్లేదు, డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. నీ ఫీజు దాన్నించే కట్టాను" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. నాన్నా, మీ లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కలో మన్ను ఖరీదు లేదు. అది నా పిల్లలు కడతారు.

ఆ ఖరీదు ఎలా ఉంటుందో మన రాయగడ జిల్లాకి తెలియనిది కాదు. 2001లో కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకలోని జీడితో కాచిన అంబలి తాగి ఆదివాసీలు చనిపోయారు. ఆకలి చావులని కొందరు, బూజు పట్టిన జీడి విషమైందని కొందరు వాదించుకున్నారు. నాకు ఒక్కటే ప్రశ్న. ఇంట్లో వేరే తిండి ఉంటే ఆ జీడి ఎందుకు తింటారు? అడవి బాగుంటే వానాకాలంలో దుంపలు, పుట్టగొడుగులు, ఆకుకూరలు దొరుకుతాయి. ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు సంతలో అమ్ముకోవచ్చు. పోడులో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు కలిపి వేస్తారు కాబట్టి ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. రేషను బియ్యం వస్తోంది కదా అంటారు. రావాలి, కాదనను. బియ్యంతో కడుపు నిండుతుంది, కానీ దుంప, పప్పు, పండు ఇచ్చే బలం దానితో రాదు.

ఇంకొక్క మాట. ప్రతి ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తాం. మనకి ఆయన వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే తెలుసు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడి పెట్టారు, సవర నిఘంటువు రాశారు. తెలియాలంటే ముందు వాళ్ళనే అడగాలని ఆయన అనుకున్నారు. మనం వన మహోత్సవానికి ఒక్క సవర పెద్దనైనా పిలిచామా?

అందుకే హెడ్మాస్టరు గారికి, మాస్టార్లకి, అమ్మానాన్నలకి నా విన్నపం. వచ్చే జూలైలో నీలగిరి మొక్క ఒక్కటి కూడా వద్దు. ఇప్ప, పనస, చింత, నేరేడు, కానుగ నాటుదాం. వంద నాటి ఫొటో దిగే బదులు పది నాటి, మూడేళ్ళు నీళ్ళు పోద్దాం. రాలిన ఆకుని ఊడ్చి తగలబెట్టడం మన బళ్ళోనే ముందు మానేద్దాం, చెట్టు మొదట్లో వేద్దాం. మెట్ట ఉన్నవాళ్ళు మొత్తం కాకపోయినా గట్టున ఒక వరస పండ్ల చెట్లు వేయండి. మా నాన్నగారు గట్టున పనస వేయడానికి ఒప్పుకున్నారు. మిగతా మెట్ట సంగతి ఇంకా మాట్లాడుకుంటున్నాం.

ఈసారి మైకు ముందు ఒక సవర తాతని నిలబెడదాం. ఆయన చెప్పింది విన్నాక చప్పట్లు కొడదాం.