ఎవరి విశ్వాసం? ఎవరి హేతువు?

పెద్దపల్లి, కరీంనగర్ కళాశాలల్లోనైనా, ఉస్మానియాలోనైనా, క్రైస్తవ విశ్వాసాన్ని గురించి విద్యార్థుల మధ్య చర్చ వస్తే అది తరచు రెండు ముక్కల్లో ముగుస్తుంది. నీటిమీద మనిషి ఎలా నడిచాడని ఒకరు అడుగుతారు. విశ్వాసం బుద్ధికి అందదని రెండోవారు అంటారు. మొదటివారు గెలిచామనుకుంటారు, రెండోవారు నిలిచామనుకుంటారు. నిజానికి చర్చ అప్పటికింకా మొదలే కాలేదు.

ముందు విశ్వాసుల వాదన చూద్దాం. న్యూటన్ దైవభక్తుడు, మెండెల్ మఠవాసి. కనుక విజ్ఞానానికీ మతానికీ వైరం లేదంటారు. మెండెల్ బఠాణీ మొక్కల లెక్కలను లోకం అంగీకరించింది ఆయన ప్రార్థనలు చూసి కాదు. ఎవరు నాటి చూసినా ఆ లెక్కలు నిలబడ్డాయి గనుక. 1633లో గెలీలియోను శిక్షించిన రోమన్ చర్చి, ఆ తీర్పు పొరపాటని బాహాటంగా ఒప్పుకున్నది 1992లో. “బుద్ధికి అందదు” అన్నమాట పైకి వినయంగానే కనిపిస్తుంది. ఆచరణలో అడిగేవాడి నోరు మూయిస్తుంది. గాయాన్ని తాకితేగాని నమ్మనన్న తోమాను అపొస్తలులలోనుంచి ఎవరూ వెలివెయ్యలేదు. పైగా మన దేశానికి సువార్త తెచ్చినవాడు అతడేనని సంప్రదాయం చెబుతుంది. అటువంటి మతంలో ప్రశ్నను పాపమనే హక్కు ఏ బోధకుడికీ లేదు.

యిక మన పక్షం సంగతి. “తిండికోసం మతం మారినవాళ్ళు” అనే ఎత్తిపొడుపు అభ్యుదయవాదుల నోటకూడా వినిపిస్తూ వుంటుంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదకు చర్చిని కరువు కూలితో కట్టించారని నవ్వేవారు యిప్పటికీ వున్నారు. యీ ఆరోపణకు తెలుగునాట అసలైన పరీక్ష అంతకు ముందే ఒంగోలులో జరిగింది. 1876-78 కరువులో అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఎక్కువగా మాదిగలకు కూలి కల్పించాడు. అన్నంకోసం చేరారన్న నింద రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు నిలిపివేశాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూలి అందుకోవటానికి అది షరతు కానప్పుడు వాళ్ళెందుకు వచ్చారో ఆలోచించాలి. పోనీ, కొందరు తిండికోసమే వచ్చారనుకుందాం. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టిన చోటికి పోవటం తర్కవిరుద్ధమా? అన్నం పెట్టని వూరిని వదిలేసి, తిన్నవాణ్ణి నిలదియ్యటం ఏ భౌతికవాదం?

పునరుత్థానానికి రుజువు అడిగే విద్యార్థి తన అక్క పెళ్ళి ముహూర్తానికి రుజువు అడిగాడా? యింటి వాస్తుకు అడిగాడా? మాదిగవాడలోని ప్రార్థనను మూఢత్వమనీ, తన యింటి వ్రతాన్ని సంస్కృతి అనీ పిలిచేది హేతువాదం కాదు. శాస్త్రం వేషం కట్టిన కులాహంకారం. మార్క్స్ 1844లో అచ్చయిన వ్యాసంలో మతాన్ని నల్లమందుతో పోల్చాడన్నది మనవారికి కంఠోపాఠమే. బాధ వ్యక్తమయ్యే తీరునూ, ఆ బాధమీద నిరసననూ కూడా మతంలో చూశాడన్నది అదే పేరాలో వుంది. దాన్ని మాత్రం దాటేస్తారు.

క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ వెలువరించాడు. అంటరానివాడికి ప్రవేశంలేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం వుండటంలోని అసంగతాన్ని ఆయన పట్టుకున్నాడు. దేవుడున్నాడా అన్న వాదంకన్న పదునైన తర్కం అది.

ఆ తర్కాన్నే చర్చిమీద ప్రయోగించాలి. క్రీస్తులో అందరూ ఒకటేనని ఆదివారం చెప్పే సంఘంలో మాల మాదిగల మధ్య పెళ్ళి ఎందుకింత అరుదు? కథోలిక రెడ్లు తమ కులంలోనే సంబంధాలు వెతుక్కోవటానికి ఏ వాక్యం ఆధారం?

రాజ్యంమీదా ప్రయోగించాలి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాకు హిందూమతాన్ని షరతు చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుణ్ణి బయటే వుంచారు. యీ షరతు తొలగించమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసినా అది తొలగలేదు. మన రాష్ట్రంలో అతడికి మిగిలింది బి.సి. ‘సి’ వర్గంలో ఒక్క శాతం. వూరు అతణ్ణి పాత కులంపేరుతోనే పిలుస్తుంది. చట్టం మాత్రం బాప్తిస్మపు నీళ్ళలో కులం కొట్టుకుపోయిందని నమ్ముతుంది. యింతకన్న పెద్ద అద్భుతాన్ని ఏ బోధకుడు ప్రకటించాడు?

హేతువాది ఎలా బతకాలో గోరా చూపాడు. నాస్తిక భావాలకుగాను 1933లో కాకినాడలో అధ్యాపక వుద్యోగం పోగొట్టుకున్న ఆయన తర్కం దేవుడిదగ్గర ఆగిపోలేదు. సహపంక్తి భోజనాలదాకా నడిచింది. 1948లో కూతుర్ని దళిత యువకుడికిచ్చి పెళ్ళి చెయ్యటందాకా నడిచింది.

విద్యార్థి మిత్రులు క్రైస్తవుడైన సహాధ్యాయితో వాదించాలి, గట్టిగానే వాదించాలి. అద్భుతాలకు రుజువు అడగాలి, అతడు అడిగేవాటికి జవాబు చెప్పాలి. కాని 1950 నాటి ఆ షరతును రద్దు చెయ్యమనే అర్జీమీద అతని సంతకం పక్కన తమ సంతకం కూడా పెట్టాలి. ఆ సంతకం పెట్టటానికి దేవుణ్ణి నమ్మనక్కరలేదు, నమ్మకం మానుకోనక్కరా లేదు.